ఎడమకాలితో ఎల్బీనగర్

యాత్రలు చేసినవాళ్ళు మంచుకొండల గురించి రాస్తారు, ఎడారుల గురించి రాస్తారు. నేను చేసిన యాత్ర వాటన్నిటికంటే కఠినమైనది. నలభై కిలోమీటర్లు, అదీ ఒంటికాలి మీద. ఒంటికాలి మీద అంటే రెండో కాలు లేక కాదు, పని మొత్తం ఎడమకాలి మీద పడిందని. ఆ నలభైని కూడా సరిచేసుకుంటాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్, అక్కడి నుంచి మన్సూరాబాద్ వైపు కొంచెం. అంతా కలిపి ఐదారు ఉంటుందేమో. కానీ క్లచ్చు పెడలు బిగుసుకుపోయిన కారులో ఆ ఐదారూ వెళ్ళి చూడండి. నా మొదటి అంకె మీకే తక్కువనిపిస్తుంది.

బయలుదేరక ముందు

మా కారు పాతది. కొన్నప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు దాని రంగేమిటో చూసినవాళ్ళే నిర్ణయించుకోవాలి. ఈ మధ్య కార్లు కొన్నవాళ్ళకు క్లచ్చు సంగతి విడమరిచి చెప్పాలి. బండి ఆపాలన్నా, కదిలించాలన్నా, గేరు మార్చాలన్నా ప్రతిసారీ ఎడమకాలితో ఒక పెడలును అడుగు దాకా తొక్కి మెల్లగా వదలాలి. దసరా దాకా మా పెడలు మర్యాదగానే ఉండేది. ఆ తర్వాత రోజురోజుకూ బిగుసుకుంటూ వచ్చింది. శివరాత్రి వచ్చేసరికి దాన్ని తొక్కడమూ గోడను తొయ్యడమూ ఒకటే అయింది.

మా ఆవిడ అండాలు ఈ విషయాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది. గట్టిపడ్డది పెడలు కాదట, నా మోకాలట. నేనెంత చెప్పినా నమ్మదు. పెళ్ళయిన కొత్తలోనే నా మాటల్లో సగం తీసేసి వినడం నేర్చుకుంది, ఈ మధ్య ముప్పాతిక తీసేస్తోంది. తప్పు ఆమెది కాదనుకోండి. మా సందులో కుక్క మొరిగితే చిరుతపులి వచ్చిందని చెప్పిన మనిషిని నేను.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కారును మెకానిక్కులకు చూపించాలి. పెడలుదే తప్పని తేలితే బాగు చేయించుకోవచ్చు, కారు నాకే ఉంటుంది. పెడలు బాగానే ఉందని తేలితే నేను కారు నడపడం మానెయ్యాలి, కారు నర్సింహకు పోతుంది.

నర్సింహ అండాలు తమ్ముడు, నా బామ్మర్ది. నాదర్‌గుల్ వైపు ప్లాట్లు అమ్ముతాడు. అక్కడ విమానం నడపడం నేర్చుకునే పిల్లలు చిన్న చిన్న విమానాల్లో నెత్తిమీద చక్కర్లు కొడుతుంటారు. వాటిని చూపించి, ఎయిర్‌పోర్టు పక్కనే ప్లాటు అని చెప్పి అమ్మే ఘనుడు వాడు. బొంకడంలో మా ఇద్దరికీ ఒకటే తేడా, నేను తర్వాత ఒప్పుకుంటాను. వాడికి సొంతంగా పెద్ద కారుంది, క్లచ్చు లేనిది, గేర్లు అవే పడతాయి. దానికి దుమ్ము అంటకూడదని, మట్టిరోడ్ల మీద ప్లాట్లు చూపించడానికి నా పాత కారు కావాలంటాడు. ఈ ప్రయాణంలో నాతోపాటు ఉండి నిజం చెప్పాల్సిన సాక్షిగా అండాలు ఎవరిని పెట్టిందంటే, వాణ్ణే. కారు కావాల్సినవాడూ, కారు ఎవరిదో తేల్చాల్సినవాడూ ఒక్కడే. మా ఇంట్లో న్యాయం ఇలా ఉంటుంది.

బస్ డిపో వెనక

మొదటి మజిలీ దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక శివాజీ షెడ్డు. శివాజీది గుంటూరు వైపు. ఇక్కడికొచ్చి జుట్టు తెల్లబడినా, మాటలో 'అండీ' మాత్రం తెల్లబడలేదు.

బయటి ఊళ్ళవాళ్ళకు మా మెకానిక్కుల ఆచారం ఒకటి చెప్పాలి. మా నల్లగొండ పక్క ఊళ్ళలో అయితే మెకానిక్కు బండిని ముందు తానే కొంచెం నడిపి చూస్తాడు. ఇక్కడ అలా కాదు. కారుగలాయన సీట్లోంచి కదలకూడదు. మెకానిక్కు బానెట్ ఎత్తి ముందు నిలబడి, నొక్కండి అంటే నొక్కాలి, వదలండి అంటే వదలాలి. లేచిన బానెట్ మన కళ్ళముందు గోడలా నిలబడుతుంది. దాని వెనక ఏం జరుగుతోందో మనకు తెలియదు. దాని అడుగున సన్నటి సందు ఒకటుంటుంది, అందులోంచి చేతులు మాత్రం కనిపిస్తాయి.

నర్సింహ అడక్కుండానే దిగి శివాజీ పక్కన నిలబడ్డాడు. సాక్షి కదా, దగ్గరగా చూడాలనుకున్నాను. బానెట్ లేచింది. ఆ సందులోంచి శివాజీ రెండు చేతులూ జోడించడం కనిపించింది. నా బండి వయసుకు దండం పెడుతున్నాడని ఛాతీ కొంచెం విరుచుకున్నాను. నర్సింహ ఏదో గుసగుసలాడాడు.

నొక్కండి, వదలండి అంటూ శివాజీ నాచేత చాలాసేపు తొక్కించాడు. రెండు వందల సార్లు. సరే, పాతిక. తర్వాత బానెట్ మూసి, చేతులు తుడుచుకుంటూ నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"గేరుబాక్సు దించాలండీ. లోపల ప్లేట్లు అరిగిపోయుంటాయి. మొత్తం సెట్టు మార్చెయ్యడమే."

నేను గెలిచాననుకున్నాను. నర్సింహ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "అన్నా, జర సాఫ్ చెప్పు. తప్పు పెడలుదా, మా బావ కాలుదా?"

శివాజీ పెడలును వంగి చేత్తో ఒకసారి నొక్కాడు, తర్వాత నా మోకాలి వైపు చూశాడు. "రెండూ పాతవే కదండీ," అన్నాడు.

ఇదేం తీర్పో నాకర్థం కాలేదు. నర్సింహకు అర్థమైంది, అక్కకు ఫోన్ చేసి సగం తేలిందని చెప్పాడు. చూడకుండానే గేరుబాక్సు దించుతానన్నవాడికి కారు అప్పగించే ధైర్యం నాకు లేక అక్కణ్ణుంచి కదిలాం.

చైతన్యపురి

షెడ్డు పక్కనే శివాజీ వాళ్ళ ఊరివాళ్ళ టిఫిన్ బండి ఉంటే ఆగాం. ఇడ్లీ మీద కారప్పొడి చల్లి నెయ్యి పోస్తారు. ఆ నెయ్యి కారాన్ని చల్లారుస్తుందని వాళ్ళు చెప్తారు గానీ నమ్మకండి, కారం లోపలికి సాఫీగా దిగడానికే అది. మావైపు పొద్దున సర్వపిండి తిని మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండొచ్చు, అంత నిబ్బరం. ఈ ఇడ్లీ తిన్నాక ఎదురొచ్చిన ప్రతివాడితో గొడవ పెట్టుకోబుద్ధయింది. ఎదురుగా నర్సింహే ఉన్నాడు.

పై నుంచి మెట్రో రైళ్ళు చల్లగా పోతుంటే, వాటి స్తంభాల నీడల్లో మేము అంగుళం అంగుళంగా కదిలాం. తొక్కు, వదులు, కదులు, ఆగు, మళ్ళీ తొక్కు. చైతన్యపురి దగ్గర నా కాలు పెడలు మీంచి జారింది, బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. వెనక వెయ్యి బండ్లు ఆగి హారన్లు మోగించాయి. వెయ్యి లేవు. ఒక ఆటో, ఒక స్కూటీ, ఒక కొబ్బరిబోండాల బండి. ఆ మూడింటిలో ఎక్కువ గొంతు బోండాలామెది. ఆమెకు హారన్ లేదు మరి.

బండి తోసుకుంటూ ముందుకొచ్చి కిటికీలోంచి నన్ను చూసింది. నేను మోకాలు పిసుక్కుంటున్నాను.

"ఏమయింది పెద్దాయనా?"

పెడలు గట్టిగా ఉందని చెప్పాను.

"జర నూనె పెట్టు."

"కాలికా, కారుకా?" అన్నాడు నర్సింహ, నన్ను ఉడికించడానికి.

"ఏది ముందు అందితే దానికి పెట్టుండ్రి. నా బండిని మాత్రం పోనియ్యుండ్రి," అని ఆమె మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. రెండు రోజుల్లో నేను విన్నవాటిలో ఇంత సూటి మాట మరొకటి లేదు.

కొత్తపేట

కొత్తపేటలో ఒకప్పుడు పెద్ద పండ్ల మార్కెట్టు ఉండేది. మామిడికాలంలో ఆ వాసనకు కార్లో కిటికీ దించితే చాలు, కడుపు నిండేది. ఇప్పుడది బాటసింగారం వెళ్ళిపోయింది, లారీలూ అటే వెళ్ళిపోయాయి. అలవాటు మానలేని బండ్లు కొన్ని మాత్రం ఇక్కడే జామకాయలూ బత్తాయిలూ పెట్టుకుని నిలబడుతుంటాయి. కోసి ఉప్పుకారం అద్దిన జామకాయ ఇరవై రూపాయలన్నాడు. మా ఊళ్ళో జామకాయ కొనుక్కోవడమే నామోషీ, పక్కింటి చెట్టు ఎందుకున్నట్టు? నర్సింహ రెండు తిన్నాడు.

ఇక్కడ ఖాదర్ భాయ్ షెడ్డు. ఈయనది వేరే సిద్ధాంతం. లోకంలో ఏ జబ్బయినా నూనె లేకనే వస్తుందంటాడు. బోండాలామె మాట గుర్తొచ్చి నాకు ఆశ పుట్టింది. ఖాదర్ భాయ్ బానెట్ ఎత్తాడు, నేను సీట్లో ఉండిపోయాను, నర్సింహ మళ్ళీ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. సందులోంచి ఖాదర్ భాయ్ చెయ్యి లోపలికి పోవడం, ఎక్కడో ఠక్కున ఆగి వెనక్కి రావడం కనిపించాయి. మళ్ళీ గుసగుసలు. "అచ్ఛా, అచ్ఛా. నేను ముట్ట సాబ్, పక్క నుంచే చేస్త," అన్న మాట మాత్రం వినిపించింది. కారుగలాయన అనుమతి లేకుండా ఇంజను ముట్టని మర్యాదస్తుడనుకుని ముచ్చటపడ్డాను.

పక్క నుంచే నూనె పోశాడు. పెడలు దగ్గరా పోశాడు. నొక్కు సాబ్ అంటే నొక్కాను. మెత్తగా దిగింది. ఇంకోసారి నొక్కాను, మెత్తగానే ఉంది. నర్సింహ ముఖం వాడిపోయింది. అది చూసిన ఆనందంలో కొత్తపేట సెంటర్ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. తిరిగొచ్చేటప్పటికి పెడలు మొదటికంటే గట్టిగా ఉంది.

ఖాదర్ భాయ్ ఆలోచించి, తన చేతిలో ఉన్నది నూనె ఒక్కటేననీ, అది అయిపోయిందనీ చెప్పాడు. మన్సూరాబాద్ రోడ్డులో యాదగిరి అని తన దోస్తు ఉన్నాడు, ఫోన్ చేసి చెప్తానన్నాడు. "అప్పటిదాంక సాబ్, కాలుకు ఆరాం ఇయ్యుండ్రి," అన్నాడు. నర్సింహ అక్కకు ఫోన్ చేసి ముప్పాతిక తేలిందని చెప్పాడు.

ఆ సాయంత్రం కారును ఖాదర్ భాయ్ షెడ్డులోనే వదిలేసి ఇంటికెళ్ళాం. రాత్రంతా కాలు నాది కానట్టే ఉంది. అండాలు కొబ్బరినూనె వేడిచేసి తెచ్చి, ఒక్క మాటా అనకుండా మోకాలికి రాసింది. ఆ ఒక్క మాటా అనకపోవడమే నాకు ఒళ్ళు మండించింది. ఏదైనా అంటే జవాబు చెప్పేవాణ్ణి.

రెండో రోజు, మన్సూరాబాద్ రోడ్డు

ఎల్బీనగర్ చౌరస్తా గురించి రాయాలంటే వేరే పుస్తకం కావాలి. విజయవాడ నుంచి వచ్చేవాళ్ళు, నాగార్జునసాగర్ నుంచి వచ్చేవాళ్ళు, మా నల్లగొండవాళ్ళు, అందరూ హైదరాబాద్‌లో అడుగుపెట్టే గుమ్మం అది. నేనూ పడుచుతనంలో ఇక్కడే లారీ దిగాను. అప్పుడు బట్టల సంచీతో పరుగెత్తి దాటిన చౌరస్తాను, ఇప్పుడు ఒక పెడలు పుణ్యమా అని పళ్ళు కొరుక్కుంటూ దాటాను. గంటసేపు పట్టింది. లేదు, రెండు సిగ్నళ్ళు పట్టింది. గంటలాగా అనిపించింది.

యాదగిరి చౌటుప్పల్ వైపువాడు. నోరూరుకోదు, భుజానికీ చెవికీ మధ్య ఫోనూ ఊరుకోదు. అవతలివాళ్ళతో బేరమాడుతూనే నాకు సంగతి చెప్పాడు. పెడలు నుంచి గేరుబాక్సు దాకా ఒక ఉక్కు తీగ ఉంటుంది, దాన్నే క్లచ్చు కేబుల్ అంటారు. గేరుబాక్సు దగ్గర దాని కొస ఊడదీస్తాడు. అప్పుడు పెడలు వదులైతే తప్పు లోపలి క్లచ్చుది. అప్పటికీ గట్టిగానే ఉంటే తప్పు కేబుల్‌ది. నా మోకాలి పేరు ఈ లెక్కలో ఎక్కడా రానందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది.

బానెట్ లేచింది. నర్సింహ తన చోటుకు తాను వెళ్ళాడు. యాదగిరి కింద దూరి కొస ఊడదీసి, నొక్కమని కేకేశాడు.

నొక్కాను. అవతల ఏమీ లేదు, అయినా పెడలు గోడలాగే ఉంది. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ నొక్కాను. ఇంకోసారి అన్నాడు. ఈసారి తొడ నుంచి పాదం దాకా ఒక వణుకు మొదలైంది. చెయ్యి పెట్టి అదిమినా ఆగలేదు. కాలు పెడలు మీద ఉంది గానీ నా మాట వినడం మానేసింది.

ఈ వయసుకు నేను చాలా ఒప్పుకున్నాను గానీ, అప్పుడు అన్న మాట మాత్రం నర్సింహ ఎదుట ఎప్పుడూ అనలేదు.

"నాతోని అయితలేదు."

నర్సింహ ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. ఫోన్ జేబులోంచి సగం బయటికి కూడా వచ్చింది. నాకు ఒళ్ళు మండి, అక్కకు చెప్పేముందు నువ్వొచ్చి కూర్చుని నొక్కు, సాక్షివి కదా అన్నాను. యాదగిరి కూడా కిందనుంచి, ఎవరో ఒకరు నొక్కండని అరిచాడు. నర్సింహ బానెట్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. అక్కణ్ణుంచి కదలడం వాడికి ఇష్టం లేదని తెలుస్తోంది. ఎందుకో అప్పుడు తెలియలేదు. చివరికి వచ్చి సీట్లో కూర్చుని పెడలు మీద కాలు పెట్టాడు. అది దిగలేదు. రెండోసారి సీటు వెనక్కి వీపు ఆనించి తన్నినట్టు తొక్కాడు.

"బావ, గీడ కింద ఏమన్న అడ్డం ఉన్నదా?"

వాడికి జవాబు చెప్పకుండా, కుంటుకుంటూ బండి ముందుకు నడిచాను. రెండు రోజుల్లో నేను బానెట్ అటువైపుకు వెళ్ళడం అదే మొదటిసారి. నా బండిలో ప్రతి నట్టూ నాకు తెలుసని ఊళ్ళో చెప్పుకుంటాను. నిజానికి దసరా తర్వాత బానెట్ లోపల ఏముందో నేను చూడలేదు. దాన్ని ఎత్తే మీట ఎక్కడుందో కూడా నాకు సరిగ్గా తెలియదు.

లోపల, నల్లటి గొట్టాల మధ్య, పసుపు రంగులో ఒక మూట.

పసుపులో తడిపిన గుడ్డలో బియ్యమూ రూపాయి బిళ్ళా పెట్టి, మొక్కుకుని కట్టే ముడుపు. ఆ గుడ్డను నేను గుర్తుపట్టాను, అంచు నా పాత పంచెది. దాన్ని ఒక నల్లటి తీగకు చుట్టి, ఆ తీగను పక్కనున్న బ్యాటరీ పట్టీకి లాగి, మోకు బిగించినట్టు బిగించారు. ఆ తీగ సాఫీగా వంపు తిరగాల్సింది పోయి, మోచెయ్యి మడిచినట్టు మడిచి ఉంది. అది క్లచ్చు కేబుల్ అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

యాదగిరి కిందనుంచి లేచి దుమ్ము దులుపుకున్నాడు. "దాన్ని నేను ముట్ట సారూ. పొద్దుగాలనే ఖాదర్ భాయ్ చెప్పిండు, లోపల దేవునిది ఉన్నది, పైలం అని."

శివాజీ దండం పెట్టింది నా బండికి కాదు. ఖాదర్ భాయ్ ముట్టనన్నది ఇంజనును కాదు. ముగ్గురు మెకానిక్కులు, మూడు సిద్ధాంతాలు, ముగ్గురికీ ఒకటే మర్యాద. ఈ ఊళ్ళో పరాయివాళ్ళ దేవుణ్ణి అంత జాగ్రత్తగా చూసుకుంటారు. ఆ జాగ్రత్తలో నా కాలు పోయింది.

"నర్సింహా," అన్నాను.

సీట్లోంచే వాడు గొణిగాడు, "అక్క కట్టుమన్నది బావ. దసరా నాడు, బండికి పూజ చేసినంక. నువ్వు పైన కట్టనియ్యవని లోపల కట్టిన."

"కట్టడానికి కేబులే దొరికిందా?"

"నాకేం ఎరుక. అన్నిట్ల గట్టిగున్న తాడు అదే కనబడ్డది."

ఏళ్ళ తరబడి క్లచ్చు లేని కారులో తిరుగుతున్నవాడు. కేబుల్‌ను తాడనుకోవడంలో వాడి తప్పు ఏముంది?

అండాలు వచ్చాక

ఫోన్ చేస్తే అండాలు ముందు అడిగింది ఒకటే, దాన్ని ఎవరైనా విప్పారా అని. లేదన్నాను. ఎవర్నీ ముట్టనివ్వద్దని, తానే వస్తున్నానని చెప్పి పెట్టేసింది. మేము రెండు రోజులు చచ్చీచెడీ వచ్చిన దారిలో ఆమె మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని, యాదగిరి తెప్పించిన టీ మేము తాగడం పూర్తయ్యేలోపు దిగింది. ఎండ కూడా తగిలినట్టు లేదు.

ఏం మొక్కుకున్నావని అడిగాను. ఆమె యాదగిరి వైపు చూసి, అతను ఫోన్లో ఉన్నాడని తేల్చుకుని చెప్పింది. పోయిన వానాకాలం నేను ఒక్కణ్ణే కారేసుకుని నల్లగొండ పోయి, జోరువానలో చీకటిపడ్డాక తిరిగొచ్చాను. ఫోన్ తీయలేదు. ఆ రోజు మొక్కుకుందట.

"కారు తోలుడు నీ అంతట నువ్వే మానాలె అని. ఎవ్వరితోని కొట్లాట లేకుండ."

నెలల తరబడి నేను తొక్కుతున్నది పెడలును కాదు, మా ఆవిడ మొక్కును. పైగా అది పనిచేస్తోంది. ఇంకో నెల ఆగితే నా అంతట నేనే మానేసి ఉండేవాణ్ణి. కాలు లేక.

అప్పుడు ఆమె ఎవరూ అడక్కుండానే నర్సింహను లేపి డ్రైవర్ సీట్లో కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎడమకాలు పెడలు మీద పెట్టింది. దిగలేదు. రెండు కాళ్ళూ పెట్టింది. స్టీరింగు పట్టుకుని లేవబోయేంత బలంతో తొక్కితే సగం దిగింది. కాళ్ళు తీసేసి, కాసేపు ఆ పెడలునే చూస్తూ కూర్చుంది.

"గింత గట్టిగున్నదా?"

"చెప్తనే ఉన్న గదనే."

"చెప్పినవు. నువ్వు చెప్తే ఎవలు నమ్ముతరు?" అంది. గొంతు తగ్గించి, "గీ కాలుతోని రోజు కూరగాయలకు తోల్కపోయినవు నన్ను," అంది.

ఆమె దిగడానికి తలుపు పట్టుకుని నిలబడ్డాను.

ఇంతలో యాదగిరి ఫోన్ పెట్టేసి, ముడుపు విప్పితే గానీ కేబుల్ మార్చలేనన్నాడు. లోపలి తీగ పోగులు తెగాయి, కొత్తది వెయ్యాల్సిందే. అండాలు మొక్కు తీరకుండా విప్పనంది. మొక్కు తీరాలంటే నేను మానాలి. నేను మానితే కేబుల్ ఎందుకు? నలుగురం బండి చుట్టూ నిలబడ్డాం. షెడ్డులో ఇంకో కారు తెచ్చుకున్న ఆయన మా వైపు జాలిగా చూస్తున్నాడు.

నాకొక ఉపాయం తట్టింది. గొంతు సవరించుకుని, ఎల్బీనగర్ అంతా వినేలా, సరే, యాదగిరి వినేలా, చెప్పాను. నా అంతట నేనే, ఎవరి బలవంతమూ లేకుండా, కారు నడపడం మానేస్తున్నాను. తాళం చెవి తీసి నర్సింహ చేతిలో పెట్టాను. ఇంటిదాకా వాడు నడుపుతాడు. వాడు నడిపితే అరక్కిలోమీటరు కూడా పోదని, అండాలే బతిమాలి నన్ను సీట్లో కూర్చోబెడుతుందని నా లెక్క.

అండాలు నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ లెక్క అక్కడ కనిపించిందనే అనుకుంటున్నాను. అయినా దండం పెట్టుకుని, పళ్ళతో ముడి వదులు చేసి, ముడుపు విప్పి కొంగులో కట్టుకుంది.

తిరుగు ప్రయాణం

కొత్త కేబుల్ పడ్డాక యాదగిరి పెడలును వేలితో నొక్కి చూపించాడు. నిజంగానే వేలితో. ఇందులో అతిశయోక్తి లేదు, అందుకే ఇంకోసారి చెప్తున్నాను, వేలితో.

నర్సింహ తోలాడు. తోలాడు అనడం నా మంచితనం. క్లచ్చు వదలడం మరిచిపోయి ఎన్నేళ్ళయిందో, బండి ప్రతిసారీ ఎగిరి ఆగిపోయింది. చౌరస్తాలో సిగ్నల్ పచ్చగా మారింది, ఎర్రగా మారింది, మళ్ళీ పచ్చగా మారింది, మేము అక్కడే ఉన్నాం. ఈసారి వెనక నిజంగానే చాలా బండ్లున్నాయి. నేను వెనక సీట్లో అండాలు పక్కన కూర్చుని, కిటికీలోంచి నగరాన్ని తిలకిస్తున్నాను. బామ్మర్దికి చెమటలు పట్టడం చూస్తూ చేసే ప్రయాణానికి సాటి లేదు.

నాలుగోసారి ఆగాక అండాలు నోరు విప్పింది.

"మానాలె అని మొక్కిన, మానినవు. మొక్కు తీరింది. ఎన్ని దినాలు మానాలెనో నేను దేవునికి చెప్పలే. దిగి ముంగటికి పో."

నా లెక్క పారింది. బండి పక్కకు తీయించి, సీటు మారి, పెడలు మీద కాలు పెట్టాను. పెరుగన్నంలో చెయ్యి పెట్టినట్టు దిగింది. ఎల్బీనగర్ నుంచి విమానంలా వచ్చాను.

విమానంలా అన్నది కొత్తపేట దాకానే నిజం. అక్కడ ట్రాఫిక్ కమ్ముకుంది. తొక్కు, వదులు, ఆగు, తొక్కు. పెడలు మెత్తగా దిగుతూనే ఉంది, అయినా చైతన్యపురి దాటేసరికి మోకాలు పలికింది. నిన్నటిలాంటి నొప్పి కాదు, చిన్నదే. కానీ ఇది పెడలు పెట్టిన నొప్పి కాదు. తప్పు నెట్టడానికి ఇప్పుడు కేబుల్ లేదు, ముడుపు లేదు, బామ్మర్దిని అనడానికీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాలు మెల్లగా, ఎవరికీ కనిపించకుండా వణికింది.

ఇంటి ముందు బండి ఆపి, నర్సింహను పంపించాక, తాళం చెవిని గోడ మేకుకు తగిలించలేదు. అండాలు చేతికిచ్చాను. ఇదేమిటన్నట్టు చూసింది.

"రోడ్డు ఖాళీగ ఉన్నప్పుడు నేనడుగుత, ఇయ్యి. రద్దీల అడిగితే ఇయ్యకు. కొట్లాడినా ఇయ్యకు."

"మొక్కు తీరింది గద. గిదేంది మల్ల?"

"అది నీ మొక్కు. ఇది నేనే చెప్తున్న."

సగం తీసేసి వింటుందేమోనని ఆమె ముఖం చూశాను. ఈసారి ఏమీ తీసెయ్యలేదు. తాళం చెవిని కొంగు రెండో కొసకు ముడేసుకుని లోపలికెళ్ళి కొబ్బరినూనె పొయ్యి మీద పెట్టింది.